మాల వేస్తే 41 రోజులు మానే మనిషి, మాల తీసిన రాత్రే ఎందుకు తాగుతారు?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీవారికి 42 ఏళ్లు, ఇనుప సామాన్ల కొట్టు. ఎనిమిదేళ్లుగా రోజూ తాగుతున్నారు, ఇప్పుడది రోజుకి హాఫ్ దాకా వచ్చింది. ఏటా నవంబరులో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టరు. కొండకి వెళ్లొచ్చి మాల తీసిన రాత్రే మళ్లీ మొదలు. "మానగలిగే మనిషే కదా, అంటే కావాలనే తాగుతున్నట్టు కదా? దేవుడంటే ఉన్న భక్తి మా మీద లేదనేగా?" అని అడిగారు. చివర్లో, అంత ముఖ్యం కాదన్నట్టుగా ఇంకో సంగతి రాశారు. పోయినసారి మాల వేసుకున్న రెండో రోజు తెల్లవారుజామున, చన్నీళ్ల స్నానం చేసి వస్తూ ఫిట్స్ వచ్చి పడిపోయారని, నియమం ఎక్కడో తప్పిందని చుట్టుపక్కలవాళ్లు అన్నారని. అది చదివి నా గుండె గుభేలుమంది.

నేను సైకియాట్రిస్టుని. ఇరవై రెండేళ్లుగా తాగుడు మాన్పించే వార్డులోనే నా పని. మీ అసలు ప్రశ్నకి తర్వాత వస్తాను. వచ్చే నవంబరులోపు మీ ఇంట్లో అందరికీ తెలియాల్సింది ఆ ఫిట్స్ సంగతి కాబట్టి ముందు అది చెబుతాను.

నియమం ఏదీ తప్పలేదమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ ఫిట్స్ తాగుడు ఒక్కసారిగా ఆపేయడం వల్ల వచ్చినవే అని నా అనుమానం. అదెలాగో అర్థం కావాలంటే మీ కొట్లో మేకులు తూచే తక్కెడని తలుచుకోండి. మెదడులో ఒక చిప్పలో గాబా అనే రసాయనం ఉంటుంది. నాడీకణాల్ని నెమ్మదించమని చెప్పడం దాని పని. రెండో చిప్పలో గ్లూటమేట్ ఉంటుంది. అది కణాల్ని చురుగ్గా ఉంచుతుంది. రెండూ సమానంగా ఉంటేనే మనం మెలకువగా, స్థిమితంగా ఉంటాం. మందు గాబా బలాన్ని పెంచుతుంది, గ్లూటమేట్ నోరు నొక్కుతుంది. తక్కెడ ఒకవైపుకి వాలిపోతుంది. మొదటి పెగ్గుకి భుజాల బిగువు సడలడం, బిడియం పోవడం, మాటలు పెరగడం అందుకే. ఇంకాస్త పడితే చిన్నమెదడు అదుపు తప్పి మనిషి తూలతాడు, మాట ముద్దగా వస్తుంది. ఇంకా పడితే జ్ఞాపకాల్ని దాచే హిప్పోకాంపస్ పని ఆపేస్తుంది. రాత్రి అన్న మాటలు పొద్దున "నాకు గుర్తు లేదు" అంటే ఇంట్లోవాళ్లకి నాటకంలా కనిపిస్తుంది. చాలాసార్లు అది నిజమే. ఆ జ్ఞాపకం మెదడులో పడనే లేదు.

ఒక చిప్ప రోజూ ఇలా వాలిపోతుంటే మెదడు చూస్తూ ఊరుకోదు. సరిచేయడానికి రెండో చిప్పలో తనూ రాళ్లు పేర్చడం మొదలుపెడుతుంది. గాబాని అందుకునే గ్రాహకాలు మొద్దుబారతాయి, గ్లూటమేట్ గ్రాహకాలు పెరుగుతాయి. ఒకప్పుడు నైంటీకే కళ్లు మూతలు పడ్డ మనిషికి ఇప్పుడు హాఫ్ అయినా ఆనకపోవడం ఇందువల్లే. "మావాడు ఎంత తాగినా తూలడు" అని మన ఊళ్లలో గొప్పగా చెప్పుకుంటారు. నాకది భయపడాల్సిన మాటగా వినిపిస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు కాబట్టి అందులో అచ్చమైన ఆల్కహాల్ దాదాపు 60 గ్రాములు. లివరు గంటకి సుమారు 7, 8 గ్రాములు మాత్రమే కరిగించగలదు. రాత్రి తొమ్మిదింటికి వేసిన క్వార్టరు తెల్లారేదాకా రక్తంలో ఉంటుంది. హాఫ్ అయితే, అలవాటుపడ్డ లివరు కాస్త త్వరగా పనిచేసినా, మర్నాడు పొద్దెక్కేదాకా పోదు. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండినా, తలమీద నీళ్లు గుమ్మరించినా ఆ లెక్క మారదు. "బీరేగా" అనేవాళ్లకి కూడా చెబుతున్నాను, 8 శాతం ఉండే పెద్ద స్ట్రాంగ్ బీరు సీసాలో దాదాపు 40 గ్రాములుంటుంది. మాల రోజులు పక్కనపెడితే, ఎనిమిదేళ్లుగా మీవారి మెదడు మందు లేకుండా గడిపిన గంటలు చాలా తక్కువ. అది మందు ఉంటుందనే లెక్కతోనే తనని తాను సర్దుకుంది.

అలాంటి మెదడులోంచి మందుని ఒక్కరాత్రిలో తీసేస్తే ఏమవుతుంది? ఒక చిప్ప ఖాళీ. రెండో చిప్పలో రాళ్లు అలాగే ఉన్నాయి. తక్కెడ అటు వైపు దబ్బున పడుతుంది. ఆఖరు గుటక వేసిన 6 నుంచి 8 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, వికారం మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవాళ్లకి ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోపే వస్తాయి. రేపు మాల కదా అని ఆ ముందురోజు రాత్రి మామూలు కంటే నాలుగు పెగ్గులు ఎక్కువే వేసి ఉంటారు, చాలామంది చేసే పనే అది. రెండో రోజు తెల్లవారుజాము అంటే అప్పటికి ముప్పై గంటలు. కాలం సరిగ్గా సరిపోతోంది. పైగా మీరే రాశారు, మూడేళ్ల క్రితం మాలలో చేతులు వణికాయని, ఆ పై ఏడాది రెండు రాత్రులు కంటిమీద కునుకు లేక చెమటలు కారాయని, పోయినసారి ఫిట్స్ అని. ఇలా రోజూ తాగడం, ఒక్కసారిగా ఆపడం, మళ్లీ తాగడం జరుగుతుంటే ఆపిన ప్రతిసారీ మెదడు ముందటికంటే గట్టిగా ఎదురు తిరుగుతుంది. కాబట్టి వచ్చే నవంబరుకి ఇంకా జాగ్రత్త కావాలి.

ఫిట్స్‌తో ఆగనివాళ్లు కొందరుంటారు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వాళ్లకి మతి చెదిరే స్థితి వస్తుంది. దాన్ని డెలీరియం అంటాం. చాలా ఏళ్ల క్రితం మా వార్డులో ఒక టైలరు ఉండేవాడు. మూడో రాత్రి రెండింటప్పుడు నర్సు పిలిస్తే వెళ్లాను. మంచం మీద కూర్చుని ఎడమచేత్తో దుప్పటిని జాగ్రత్తగా ముందుకి జరుపుతున్నాడు, కుడిచేత్తో లేని చక్రాన్ని తిప్పుతున్నాడు, కాళ్లు రెండూ నేలమీద మిషను తొక్కుతున్నాయి. ఒళ్లంతా చెమట, జ్వరం. నన్ను చూసి "దారం తెగింది, కాస్త ఎక్కించండి" అని సూది పట్టుకున్నట్టు రెండు వేళ్లు చాపాడు. పక్కనే నిలబడ్డ భార్యని "కొలతలకొచ్చావామ్మా, రేపు రా" అన్నాడు. ఆవిడ మొహం నాకింకా గుర్తుంది. దయ్యం పట్టిందని ఎవరో చెబితే తాయెత్తు కట్టించి, ఒక రోజంతా ఇంట్లోనే ఉంచి, ఆ తర్వాత తీసుకొచ్చారు. వైద్యం అందకపోతే ఈ స్థితి ప్రాణం మీదకి తెస్తుంది. అందితే చాలామంది బయటపడతారు. ఆ టైలరు ఆరో రోజున నన్ను "డాక్టరుగారూ" అని పిలిచాడు.

తెలంగాణలో ఇదంతా ఒకేసారి జనం కళ్లముందుకి వచ్చిన సందర్భం ఒకటుంది. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టి వైన్స్, కల్లు దుకాణాలు మూసేశాక కొద్ది రోజుల్లోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీ కిటకిటలాడిపోయింది. అందులో కల్లు అలవాటున్నవాళ్లు చాలామంది. కల్లు తేలికైనదే కదా అనుకుంటాం. కల్తీ కల్లులో కలిపే డైజిపామ్, అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కూడా పనిచేసేది ఆ గాబా చిప్పమీదే. అవి ఒక్కసారి ఆగినా తక్కెడ అలాగే తిరగబడుతుంది. మీ పుట్టింటివైపు కల్లు తాగే పెద్దవాళ్లుంటే ఈ మాట వాళ్లకీ చెప్పండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. 41 రోజులు మానగలిగినవాళ్లు 42వ రోజు ఎందుకు మానలేరు?

మందు మెదడులో ఇంకో పని చేస్తుంది. మధ్యమెదడు నుంచి న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోటికి వెళ్లే దారిలో డోపమైన్‌ని వదులుతుంది. దీన్ని ఆనంద రసాయనం అని రాసేస్తుంటారు. అంతకంటే "ఇది ముఖ్యం, గుర్తుపెట్టుకో, మళ్లీ వెతుక్కో" అని మెదడుకి చెప్పే రసాయనం అంటే అసలు సంగతికి దగ్గరగా ఉంటుంది. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకి పండ్లరసం చుక్కలిస్తూ ఈ కణాల్ని గమనించాడు. మొదట్లో రసం నోట్లో పడ్డప్పుడు అవి ఉరకలేశాయి. రసం రాబోతోందని తెలిపే దీపం అలవాటయ్యాక, ఆ దీపం వెలగగానే ఉరకలేయడం మొదలైంది. రసం అందాక మాత్రం ఏ కదలికా లేదు.

మీవారి విషయంలో ఆ దీపాలేవో మీకే బాగా తెలుసు. సాయంత్రం ఎనిమిదింటికి కొట్టు షట్టరు దిగే చప్పుడు. ఇంటికొచ్చే దారిలో వైన్స్ ముందు ఆగిన తెలిసిన బళ్లు. "ఎక్కడున్నావన్నా" అని ఫోను. ఆదివారం మాంసం పొయ్యిమీద ఉడికే వాసన. బ్యాంకువాళ్ల ఫోనొచ్చినరోజు కడుపులో తిప్పడం. ఇవి తగలగానే, ఆయన తాగాలా వద్దా అని ఆలోచించేలోపే కాళ్లు అటు నడుస్తాయి. మొదట్లో ఇష్టం కోసం చేసిన పని ఏళ్లు గడిచేకొద్దీ అలవాటుని మోసే లోతైన భాగాల చేతికి వెళుతుంది. "ఇప్పుడు తాగుతుంటే ఏ మజా ఉండదు సార్, అయినా ఆగలేను" అని నాతో ఎంతమంది చెప్పారో. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. ఇష్టం, తహతహ మెదడులో వేర్వేరు దారులు. ఇష్టం అరిగిపోయినా తహతహ మిగులుతుంది. ఇంకోపక్క రోజూ మందుతో డోపమైన్ పొంగించిన మెదడు దాన్ని అందుకునే గ్రాహకాల్ని తగ్గించేసుకుంటుంది. పిల్లాడి నవ్వు, మంచి కూర, పండగ ఏదీ అంతగా అంటదు. ఆ వెలితిలో ఉన్న మనిషికి చేతికందేది ఒక్క సీసానే.

దీన్ని ఆపాల్సింది నుదుటి వెనకుండే ముందు మెదడు. రేపటి సంగతి ఆలోచించేది, ఒట్టు పెట్టేది, అప్పు లెక్కలేసేది అదే. ఎక్కువ ఏళ్లు తాగినవాళ్లలో బాగా దెబ్బతినే భాగాల్లో అదొకటి. పొద్దున పిల్లల తలమీద చెయ్యేసి ఒట్టు పెట్టింది నిజంగానే పెట్టారమ్మా. సాయంత్రం ఎనిమిదింటికి ఆ ఒట్టు పెట్టిన భాగం గొంతు చిన్నదైపోతుంది.

మరి మాలలో ఎలా కుదిరింది? ఒక్కసారి ఆ రోజుల్ని తలుచుకోండి. నాలుగింటికి లేవడం, స్నానం, పీఠం ముందు పూజ. నల్లబట్టలు, మెడలో మాల, వాటిని చూసి దారిలో ప్రతివాళ్లూ "స్వామీ" అని పిలవడం. మధ్యాహ్నం భిక్ష. సాయంత్రం సరిగ్గా ఆ ఎనిమిదింటికే భజన, పడిపూజ, చుట్టూ తాగని మనుషులు. ఫోను చేసే ఆ స్నేహితుడు కూడా ఆ 41 రోజులూ ఫోను చేయడు. తాగమని పిలిచే ఆ దీపాల్లో ఒక్కటి కూడా వెలగదు. మా వార్డులో మేం మందులు, కౌన్సెలింగుతో కష్టపడి కట్టే ఏర్పాటుని ఆ దీక్ష తనంత తానే కట్టిపెట్టింది. భక్తి బలం తక్కువదని నేననను, నేనూ నమ్మే మనిషినే. కానీ మాల తీసిన రోజు ఆ ఏర్పాటంతా ఒక్క పూటలో ఊడిపోతుంది. అదే కొట్టు, అదే షట్టరు, అదే దారి. మెదడులో పాత దారి చెరిగిపోలేదు, గడ్డి మొలిచి ఉందంతే. 41 రోజుల్లో మెదడు కొంత కోలుకుంటుంది, నిజమే. కుంచించుకున్న భాగాలు మొదటి నెలల్లోనే కొంత నిండుకోవడం స్కాన్లలో కనిపిస్తుంది. కానీ నిద్ర, చిరాకు, ఆ వెలితి సర్దుకోవడానికి చాలామందికి నెలలు పడుతుంది. ఆయన దీక్ష విరమిస్తున్నది సగం మానిన గాయంతో.

ఆ రాత్రికి ఇంకో ప్రమాదం ఉంది. 41 రోజుల్లో మెదడు రెండో చిప్పలోని రాళ్లు చాలావరకు తీసేసుకుంటుంది. పాత లెక్కన హాఫ్ వేస్తే తట్టుకోలేదు. స్పృహ లేకుండా పడుకుంటే "పడుకోనీలే" అని వదిలేయకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి నెమ్మదించినా, లేపితే లేవకపోయినా 108కి ఫోను చేయండి.

కాబట్టి ఆయనకి మీ మీద ప్రేమ లేదనే ముక్క మీ మనసులోంచి తీసేయండి. అయితే ఒకటి. మెదడులో ఇదంతా జరుగుతోందన్నది తాగుడుకి కారణం, చేయి చేసుకోవడానికి కాదు. మీరు రాయలేదు గానీ నేను అడక్కుండా ఉండలేను. అలాంటిదేమన్నా ఉంటే సర్దుకుపోకండి, మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేయండి. వైద్యం చేయించుకోవాల్సిన బాధ్యత కూడా ఆయనదే. మీరు తోడు ఉండగలరు, ఆయన బదులు మానలేరు.

ఇక చేయాల్సినవి. ఈసారి మాలకి కనీసం రెండు వారాల ముందు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషి ఇంట్లో ఆపకూడదు, ఆసుపత్రిలో చేరి ఆపాలి. క్లోర్‌డయజెపాక్సైడ్, లోరాజెపామ్ లాంటి మందులు అదే గాబా చిప్పలో కొంత బరువుంచి, రోజురోజుకీ తగ్గిస్తూ, తక్కెడ పడిపోకుండా దింపుతాయి. సాధారణంగా వారం, పది రోజుల పని. ఈ పేర్లు చదివి మెడికల్ షాపులో కొని ఇవ్వకండి, మందు తాగిన ఒంట్లో అవి పడితే ఊపిరి ఆగిపోవచ్చు. అన్నం సరిగా తినకుండా తాగేవాళ్లకి థయామిన్, అంటే బి1 విటమిన్, బాగా తగ్గిపోయి ఉంటుంది. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఒట్టి గ్లూకోజు సెలైన్ ఎక్కిస్తే, ఉన్న కాస్త థయామిన్ ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు. కళ్లు అదోలా తిరగడం, నడక తూలడం, మతిమరుపు, తికమక కనిపిస్తే అది వెర్నికే జబ్బు కావచ్చు. ఆలస్యమైతే కొత్త సంగతులేవీ మెదడులో నిలవని స్థితి మిగిలిపోతుంది. ఎవరు సెలైన్ పెడతామన్నా "బి1 ఇంజెక్షన్ వేశారా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలు.

మీ ఆడపడుచు చెప్పిన, అన్నంలో తెలియకుండా కలిపే మందు గురించి. వద్దమ్మా. అలాంటి పొడుల్లో కొన్నిట్లో ఏముందో ఎవరికీ తెలియదు. ఇంకొన్నిట్లో ఉండేది డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మందు తాగితే ఆల్కహాల్ విషపదార్థంగా మారే మెట్టు దగ్గరే ఆగిపోయి, మొహం ఎర్రబడి, వాంతులు, దడ, బీపీ పడిపోవడం అవుతాయి. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వాడేవాళ్లకి అది మంచి కాపలా. తెలియని మనిషికి పెడితే ప్రాణం పోవచ్చు, మీ మీద నమ్మకమైతే తప్పక పోతుంది. వేరే మందులున్నాయి. నాల్ట్రెక్సోన్ ఆ తహతహని తగ్గిస్తుంది, తాగినా మునుపటి కిక్కు రానీయదు. అకాంప్రోసేట్ గ్లూటమేట్ గోలని నెమ్మదింపజేస్తుంది. ఏది సరిపోతుందో లివరు పరీక్షలు చూసి నిర్ణయిస్తారు. వీటిని నెలల తరబడి వాడాలి.

మాల తీశాక ఆ సాయంత్రం ఎనిమిదింటి సంగతి ఏం చేయాలో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి, ఆయన తాగని పొద్దుటి పూట. మూడు నెలలపాటు కొట్టు ఏడింటికే మూయగలరా? షట్టరు మీ అబ్బాయి దించగలడా? వేరే దారిలో రాగలరా? గురుస్వామిగారు ఆయన మాట వినే మనిషైతే, దీక్ష అయ్యాక కూడా వారానికి రెండు సాయంత్రాలు భజనకి పిలవమని అడగండి. నా పేషెంట్లలో ఇద్దరు ముగ్గురికి నా మందులకంటే ఎక్కువ అండగా నిలిచింది అలాంటి పెద్దమనిషే. మళ్లీ ఒకసారి తాగినా అంతా పోయిందనుకోకండి, మర్నాడే డాక్టరు దగ్గరికి రండి. మీరు ఒక్కరే ఈ దారిలో ఉన్నారనుకుంటారేమో. 2019లో కేంద్రం వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యసాయం అందుతోంది. మిగతా 37 ఇళ్లలో మీలాంటి ఆడవాళ్లు ఇలాగే రాత్రిళ్లు మేలుకుని ఉన్నారు.

మీ పదహారేళ్ల అబ్బాయి గురించి అడిగారు. తాగుడుకి బానిసయ్యే గుణంలో సుమారు సగం వంశపారంపర్యం, మిగతా సగం పెరిగే పరిస్థితులు. తండ్రికొచ్చింది కాబట్టి వాడికీ వచ్చి తీరుతుందని లేదు. ముందు మెదడు పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు పడుతుంది కాబట్టి ఎంత ఆలస్యంగా రుచి చూస్తే అంత మంచిది. ఇదంతా వాడికి దాచకుండా చెప్పండి, నాన్న చెడ్డవాడని మాత్రం చెప్పకండి.

దగ్గర్లో సైకియాట్రిస్టు ఎవరో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 టెలి మానస్‌కి గానీ, మత్తు మాన్పించే సహాయ నంబరు 14446కి గానీ ఫోను చేయండి, ఖర్చు లేదు, టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు. వెళ్లేటప్పుడు పోయినసారి ఫిట్స్ వచ్చినప్పుడు తీసిన కాగితాలేమున్నా పట్టుకెళ్లండి. ఆయన వాడే బీపీ, షుగరు మాత్రల చీటీ కూడా. బయల్దేరేముందు ఆఖరు గుటక ఏ రోజు, ఎన్నింటికి, ఎంత వేశారో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. డ్యూటీ డాక్టరు మొదట అడిగేది అదే.